కత్తి ఆసు సైగ

మార్ దెల్ ప్లాతా,
మార్చి నెల.

ఒరేయ్ తెల్మో,

మీ అక్క ఫోను వైరు పీకి బీరువాలో పెట్టి తాళం వేసింది. పోయిన ఆదివారం మనిద్దరం మాట్లాడుకుంటూ ఉంటే, ఇక్కడ ఎవరో ఎవర్నో చంపేస్తున్నారనుకుని పక్కవాటా వాళ్ళు పోలీసులను పిలిచారు. వచ్చిన పోలీసు గుమ్మంలో నిలబడి, "శవం ఎక్కడండీ?" అని అడిగాడు. "శవం లేదు నాయనా, మా ఆయన మా తమ్ముడితో ఫోన్లో మాట్లాడుతున్నారు" అంది దెల్ఫినా. తర్వాత నా వైపు తిరిగి, "ఇక మీ బావాబావమరుదులు ఉత్తరాలు రాసుకోండి. కాగితం మీద ఎంత గొంతు చించుకున్నా నాకు వినపడదు" అని తేల్చేసింది. అందుకని ఈ వయసులో పెన్ను పట్టుకున్నాను. అక్షరాలు వంకరగా ఉన్నాయని వెక్కిరించావంటే ఊరుకోను.

మీ పెద్దమ్మ పోతూ పోతూ మీ అక్కకు రాసిచ్చిన స్వెట్టర్ల దుకాణం బాగానే నడుస్తోంది. ఎండాకాలం సముద్రస్నానాలకు వచ్చినవాళ్ళు చెమటలు కక్కుకుంటూ ఉన్ని స్వెట్టర్లు కొనుక్కుపోతారు. ఎందుకని నన్నడక్కు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఊళ్ళో దుకాణాలన్నీ మూసి అందరూ ఓ కునుకు తీస్తారు కదా, ఆ వేళకు నేను మెల్లగా కాసినోకు జారుకుంటాను. పోకర్ మొదలుపెట్టానురా.

మన త్రూకో ఆటలో నోరు మూసుకున్నవాడు ఓడిపోతాడు. పోకర్‌లో నోరు తెరిచినవాడు ఓడిపోతాడు. తేడా అంతే అనుకుని వెళ్ళి కూర్చున్నాను. మొదటి రోజే ఇస్పేటు ఆసు పడింది. మన పేకలో ఇస్పేట్లు లేవు, కత్తులే కదా. కానీ ఆ నల్లముక్క చూడగానే నా కనుబొమ్మలకు ఆ తేడా తెలియలేదు. త్రూకోలో కత్తి ఆసు పడితే ఎదురుగా కూర్చున్న జోడీకి ఏం సైగ చేస్తాం? కనుబొమ్మలు పైకెత్తుతాం. ముప్పై ఏళ్ళుగా నీకు చేస్తున్న సైగ. వాటంతటవే లేచి కూర్చున్నాయి. చుట్టూ ఉన్నదంతా మన దేశం వాళ్ళే కదరా, ఉగ్గుపాలతో త్రూకో నేర్చినవాళ్ళు! ఒక్కడు మిగల్లేదు, అందరూ ముక్కలు కింద పడేశారు. పంచే అమ్మాయి కూడా నవ్వింది. ఆ తర్వాత మూడు పడితే పెదవి కొరికాను, రెండు పడితే ముద్దు పెట్టినట్టు మూతి సున్నా చుట్టాను. ఎదురుగా ఉన్న నోటరీ ఆ ముద్దు తనకే అనుకుని కుర్చీ మార్చుకున్నాడు.

అయినా ఈ ఆట బాగుందిరా. మనుషుల వాసన తగులుతుంది. పందెం బిళ్ళల గలగల వినిపిస్తుంది. లుక్రేసియా అమ్మగారని ఒకావిడ ఉంది, చేపల ఫ్యాక్టరీ ఆయన భార్య, ఆయన పోయాడు. ఒళ్ళో ఉన్ని పెట్టుకుని అల్లుతూ ఆడుతుంది. మంచి ముక్కలు పడితే అల్లిక బిగిసిపోతుంది, చెత్త ముక్కలైతే వదులవుతుంది. ఉన్ని సంగతి తెలిసినవాణ్ణి కనుక ఆవిడ గుట్టు ఆ బల్ల దగ్గర నాకొక్కడికే తెలుసు.

నేను వచ్చేశాక మన ఊరి క్లబ్బులో నీ ఎదురుగా ఇప్పుడెవర్ని కూర్చోబెట్టారు?

నీ బావ,
నసరేనో


అరోయో మాన్సో,
ఏప్రిల్.

నసరేనో బావగారికి,

గారు అని రాశానని పొంగిపోకు. కోపం వచ్చినప్పుడు నేను మర్యాద ఎక్కువిస్తానని నీకు తెలిసిందే.

నా ఎదురుగా ఎవర్ని కూర్చోబెట్టారని అడుగుతావా? మందుల షాపు గుమెర్సిందోని కూర్చోబెట్టారు. పాపం మంచివాడే, కానీ వాడి కుడి కన్ను అదురుతుంది. కన్ను కొడితే దుడ్డుకర్ర ఆసు ఉందని కదా సైగ. వాడు ఒక్క పంపకంలో నాలుగు దుడ్డుకర్ర ఆసులు చూపించాడు. పేకలో ఉండేదే ఒక్కటి. నేను ఏది నమ్మి ఆడాలి? "ఏరా, నిజంగా ఉందా?" అని చివరికి గట్టిగానే అడిగేశాను. "ఏది?" అన్నాడు వాడు, మళ్ళీ కన్ను కొట్టి. ముక్కలు బల్ల మీద పెట్టి ఇంటికి వచ్చేశాను.

అందుకని నేనూ పోకర్ మొదలుపెట్టాను. కాసినోలో కాదు, కంప్యూటర్‌లో. పశువుల డాక్టరు కొత్తది కొనుక్కుని పాతది నాకిచ్చాడు. దాని నిండా ఇంకా ఆవుల ఫోటోలే. పైజమాలో కూర్చుంటాను, పక్కన మాతే టీ గిన్నె పెట్టుకుంటాను, ఒకేసారి నాలుగు బల్లల మీద ఆడతాను. నీ కాసినోలో ఈ సుఖం ఉందా? ఎదుటివాళ్ళకు మొహాలుండవు, పేర్లు మాత్రమే. 'సొరచేప', 'మృత్యుదేవత', 'పెద్ద మావయ్య'. ఎవడైనా మీట నొక్కడానికి ఆలస్యం చేశాడంటే చేతిలో ఏమీ లేదన్నమాట. లేకపోతే వాడి ఊళ్ళో ఇంటర్నెట్ బాగా లేదన్నమాట. ఈ రెండింటికీ తేడా కనిపెట్టడమే మొత్తం విద్య. నాకు బాగానే పట్టుబడింది, గెలుస్తున్నాను.

నేనూ ఆ తెర ముందు సైగలు చేస్తూనే ఉన్నాను. మూడు పడితే పెదవి కొరుకుతాను. అవతల నార్వేవాడో ఎవడో, వాడికేం తెలుసు? చూసేవాడు లేడు. మొహాల్లేని ఆట హాయిగా ఉంది బావా. ఎదుటి కుర్చీలో ఎవరు లేరో గుర్తు రాదు.

ఇక అసలు సంగతి. నవంబరులో లోస్ తాలాస్ ఊరివాళ్ళతో మన క్లబ్బు త్రూకో పోటీ. వరసగా రెండేళ్ళు రాని జోడీ పేరు క్లబ్బు గోడ మీది పలక మీంచి తుడిచేస్తారు, రూలు నీకూ తెలుసు. పోయినేడు సామాను సర్దుకోవాలని నువ్వు ఎగ్గొట్టావు. ఈ ఏడు రాకపోతే నసరేనో-తెల్మో అనే జోడీ లేదు. వస్తావా, రావా? కబుర్లు వద్దు, ఒక్క ముక్కలో చెప్పు.

తెల్మో


మార్ దెల్ ప్లాతా,
మే.

ఒరేయ్ పైజమా జూదగాడా,

నీ ఉత్తరం దుకాణంలో పైకి చదివాను. స్వెట్టర్ కొలత చూసుకుంటున్న ఒకాయన నవ్వు ఆపుకోలేక అందులోనే చెయ్యి ఇరికించుకున్నాడు.

ఆ 'పెద్ద మావయ్య' మనిషే అని నీకెవడు చెప్పాడు? అది పశువుల డాక్టరు కంప్యూటరు. నువ్వు ఇన్నాళ్ళుగా ఏదో ఆవుతో ఆడుతున్నావేమో చూసుకో. ఆలస్యంగా నొక్కిందంటే నెమరేస్తోందన్నమాట! పోకర్ అంటే మనిషి ఎదురుగా ఉండాలిరా. వాడి మెడ మీద నరం కొట్టుకోవడం చూడాలి, వాడు మంచినీళ్ళు మింగే తీరు చూడాలి. నువ్వు ఆడేది పోకర్ కాదు, టైపింగ్.

నవంబరు సంగతి అడిగావు. దుకాణం ఉంది. ఉన్ని లారీ ఆ నెలలోనే వస్తుంది. మీ అక్కకు ఒంటిచేత్తో కష్టం. ఇంకా నిజం చెప్పమంటే, ఇక్కడ ఒక్కడినే ఆడటం నాకు అలవాటైంది. గెలిస్తే నాది, ఓడితే నాది. ఎదురుగా ఒకడు మొహం ముడుచుకుని "ఆ ముక్క ఎందుకు వేశావు బావా" అనడు. ఆ పలక మీద పేరుంటే ఎంత, పోతే ఎంత?

సరే, నువ్వు ఊరుకోవు కనుక ఒక మాట. సెప్టెంబరులో కాసినోలో పెద్ద పోకర్ పోటీ ఉంది. మీ కంప్యూటర్ వాళ్ళకు కూడా కొన్ని కుర్చీలు ఇస్తారట, కంప్యూటర్‌లోనే ఆడి గెలుచుకుని రావాలి. రా! మగాడివైతే పైజమా విప్పి ప్యాంటు వేసుకుని రా. నాకంటే ఎక్కువసేపు నిలిచావంటే నవంబరులో వచ్చి నీ ఎదురుగా కూర్చుంటాను, మీ అక్క మీద ఒట్టు. నేను ఎక్కువసేపు నిలిస్తే నువ్వే నిచ్చెనెక్కి నీ చేత్తో మన పేర్లు తుడవాలి, ఇంకెప్పుడూ నవంబరు అనే మాట ఎత్తకూడదు. పందెమా?

నసరేనో


అరోయో మాన్సో,
జులై.

బావా,

పందెం. కుర్చీ గెలిచాను. ఆఖర్న మిగిలిన 'మృత్యుదేవత'ని ఒక జత ఎనిమిదులతో కొట్టాను. అది ఆవైతే చాలా తెలివిగల ఆవని ఒప్పుకోవాలి.

ఇప్పుడు నా బాధ వేరు. నన్ను చూస్తూ ఎవడైనా ఉంటే నాకు ఆడటం రాదని మొన్ననే తెలిసింది. సాధన కోసమని క్లబ్బు వాళ్ళందరూ నా చుట్టూ కూర్చున్నారు, "మేమెవరమో నీకు తెలియదనుకో" అన్నారు. ముక్కలెత్తి చూశానో లేదో, మంగలి లియాంద్రో, "మూడు పడింది వీడికి" అన్నాడు. మళ్ళీ ఎత్తాను. "ఈసారి చెత్త" అన్నారు అందరూ ఏకకంఠంతో. నా మొహం తెరిచిన తలుపట. ఫాదర్‌గారు పక్కకు పిలిచి, "మంచి ముక్కలు పడినప్పుడు చావు గురించి ఆలోచించు నాయనా, మొహం అదే కుదుటపడుతుంది" అని సలహా ఇచ్చారు. జత రాజులు పడ్డాయి. నా అంత్యక్రియలు తలుచుకున్నాను. శవపేటిక మోసేవాళ్ళలో ఎదురుగా నువ్వు లేవు, దుకాణంలో ఉన్ని లారీ వచ్చిందని రాలేదు. ఏడుపు ఆగలేదు. ముక్కలు మరీ ఘోరంగా పడ్డాయనుకుని వాళ్ళు నాకు సాసేజీ కాల్చి పెట్టారు.

చివరికి తేనెటీగల ఎవారిస్తో తన ముసుగు టోపీ అరువిచ్చాడు. చుట్టూ జాలీ వేలాడుతుంది, లోపలి మొహం ఎవడికీ కనపడదు. కాసినోలో టోపీలు పెట్టుకోవచ్చని వాళ్ళ కాగితంలో ఉంది. ఎలాంటి టోపీ అన్నది రాయలేదు.

ఒక్క సంగతి ఒప్పందం చేసుకుందాం. మనిద్దరం ఒకే బల్ల మీదకు వస్తే సైగలు వద్దు. అది తప్పు, మనల్ని గెంటేస్తారు. అదీగాక నేను నీ మొహం చూస్తే నమ్మేస్తాను. చూడకుండా ఉండటమే మంచిది.

తెల్మో


మార్ దెల్ ప్లాతా,
ఆగస్టు.

తమ్ముడూ,

నీ బావకు తెలియకుండా రాస్తున్నాను. ఆయన దుకాణంలో అద్దం ముందు నిలబడి కనుబొమ్మలు కదలకుండా సాధన చేస్తున్నారు. బేరానికి వచ్చినవాళ్ళు ఆయన కూడా బొమ్మేననుకుని ఒంటి మీది స్వెట్టర్ పట్టుకుని ధర అడుగుతున్నారు. నువ్వు ముసుగు తెస్తున్నావని తెలిసి తనకూ ఒకటి కావాలని నా ప్రాణం తీశారు. బూడిద రంగు ఉన్నితో మెడ నుంచి నుదురు దాకా అల్లిపెట్టాను. కళ్ళకు రెండు చిల్లులు మాత్రం వదిలాను. అది పెట్టుకుని పాలకేంద్రానికి వెళితే అక్కడి అమ్మాయి గల్లాపెట్టె తెరిచి డబ్బంతా ముందు పెట్టేసిందట.

ఆయన నీతో పలక మీద పేరుంటే ఎంత, పోతే ఎంత అన్నారు కదూ? నమ్మకు. శనివారం మన ఊరి బస్సు వచ్చే వేళకు ఆయన బస్టాండులో ఉంటారు. దిగేవాళ్ళందర్నీ చూసి, ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికొస్తారు. "ఓసారి వెళ్ళి రారాదూ" అంటే, "వెళితే మళ్ళీ ఈ ఊరు రాబుద్ధి కాదే, అప్పుడు నీ దుకాణం ఏం గాను" అన్నారు. మనిషి లోపల ఇంత పెట్టుకుని పైకి అంత వాగుతారు.

ఆట ఎలా ముగిసినా సరే, నా ఇంట్లో భోజనం దగ్గర మాత్రం కొట్టుకోవద్దు. వచ్చేటప్పుడు ఊరి సలామీ సాసేజీ తీసుకురా.

అక్క,
దెల్ఫినా


మార్ దెల్ ప్లాతా,
సెప్టెంబరు.

ఒరేయ్ తెల్మో,

భోజనానికి కూడా ఆగకుండా వెళ్ళిపోయావేమిట్రా? మీ అక్క వండిన కూర మూడు రోజులు తిన్నాను. ముసుగు పెట్టుకునే బస్సెక్కావని టికెట్లవాడు చెప్పాడు.

ఏం ఆట, ఏం ఆట! ఊళ్ళో ఇంకా మన గురించే చెప్పుకుంటున్నారు. నీ వంతు వచ్చిన ప్రతిసారీ నువ్వు బల్ల మీద వేలితో నొక్కి, ఏమీ జరక్కపోతే బిత్తరపోయి చూసేవాడివి. నోటరీని పట్టుకుని, "మీ పేరు మీ నెత్తి మీద ఎందుకు కనపడటం లేదు?" అని అడిగావు. ఆ ముసుగులో ఒక తేనెటీగ మిగిలిపోయిందని నాకేం తెలుసు? జాలీ వెనక నీ మొహం అష్టవంకర్లు పోతుంటే, అది మూడో రెండో ఆసో అర్థంకాక అందరూ భయపడి ముక్కలు పడేశారు. తేనెటీగ పుణ్యమా అని సగం మందిని ఇంటికి పంపావు.

ఆఖరికి ఐదుగురం మిగిలాక కదా హాలు పెద్ద వచ్చి, "కెమెరాలకు మొహాలు కనపడాలి, ముసుగులు తియ్యండి" అన్నాడు. నువ్వు తీశావు, నేనూ తీశాను. చూస్తే సరిగ్గా ఎదురెదురుగా ఉన్నాం, క్లబ్బులో కూర్చున్నట్టే. నీ ముక్కు తేనెటీగ కుట్టి బంగాళదుంపలా ఉంది.

ఇక ఆ పంపకం. మధ్యలో అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు పరిచి ఉన్నాయి, అందులో ఒకటి ఆఠీను ఆసు. మిగతావాళ్ళు తప్పుకున్నారు, నువ్వూ నేనే ఉన్నాం. నేను నా బిళ్ళలన్నీ ముందుకు తోశాను. నువ్వు ఆలోచించావు. అప్పుడు నా కనుబొమ్మలు లేచాయి. వాటి సంగతి నీకు తెలిసిందే కదా, నా మాట వినవు. ఆ ఆఠీను ఆసును చూసి కత్తి ఆసనుకుని పొరపాటు పడ్డాయేమో! నువ్వు నీ ముక్కలు చూశావు, నన్ను చూశావు, మళ్ళీ ముక్కలు చూశావు. బోర్లా పడేశావు. నేను నావి తిప్పి చూపించాను. తొమ్మిది, నాలుగు. ఏమీ లేదు! హాలంతా గొల్లుమంది. తర్వాతి పంపకంలో నీ దగ్గర మిగిలిన బిళ్ళలన్నీ పోయాయి, లేచి వెళ్ళిపోయావు. ఆ తర్వాతి దాంట్లో లుక్రేసియా అమ్మగారు నన్ను మింగేసింది. నువ్వు పోయాక నాకు ఆవిడ అల్లిక చూడాలనిపించలేదు.

ఒక్క పంపకమే అయినా నీకంటే ఎక్కువ నిలిచాను. పందెం నాది. పోకర్ అంటే ఇదిరా, ఎదురుగా కూర్చుని ఎదుటివాణ్ణి బురిడీ కొట్టించడం. నీ కంప్యూటర్‌లో ఇది నేర్పరు.

ఏదో ఒకటి రాయి.

నసరేనో


మార్ దెల్ ప్లాతా,
సెప్టెంబరు ఆఖరు.

తెల్మో,

రెండు శనివారాలు బస్సులో నీ ఉత్తరం లేదు. డ్రైవర్‌ని సీటు కింద కూడా వెతకమన్నాను.

ముందు ఉత్తరంలో రాసింది అబద్ధం. కనుబొమ్మలు వాటంతటవి లేవలేదు. నేనే ఎత్తాను. నీ పెదవి చివర కదిలింది, నన్ను పట్టుకోబోతున్నావని తెలిసిపోయింది. ఓడిపోతానన్న భయంతో ఎత్తాను. ముక్కలు తిప్పి చూపించడం మరీ దరిద్రం.

త్రూకోలో మనం ఊరందరికీ అబద్ధం చెబుతాం, ఒక్క మనిషికి తప్ప. ఆ ఒక్క మనిషికీ చెప్పేశాను. సిగ్గుగా ఉందిరా.

బావ


మార్ దెల్ ప్లాతా,
అక్టోబరు.

తమ్ముడూ,

నీ బావ కనుబొమ్మలు గీసేసుకున్నారు. నేను కూరగాయలకు వెళ్ళి వచ్చేలోపు జరిగింది. "ఇక ఇవి ఎవర్నీ మోసం చెయ్యవు" అని గడ్డం గీసుకునే కత్తి నా చేతికిచ్చారు. ఇప్పుడా మొహం ఉడికించిన గుడ్డులా ఉంది. ఏ బేరం అడిగినా ఆయన ఆశ్చర్యపోతున్నారో, ఏడుస్తున్నారో, దుకాణం మూసేస్తున్నారో కొనేవాళ్ళకు తెలియడం లేదు. ఒకావిడ అయితే ఊరికే ఓదార్చి వెళ్ళింది. కాసినో వైపు పోవడమే మానేశారు. లుక్రేసియా అమ్మగారు మనిషిని పంపి, ఆరోగ్యం ఎలా ఉందని అడిగించింది.

నీకు కోపం ఉండొచ్చు, తప్పులేదు. కానీ రెండు ముక్కలు రాసి పడెయ్యి. తిట్టైనా సరే. తిండి మానేసిన మనిషికి వండటం నా వల్ల కాదు.

అక్క


అరోయో మాన్సో,
అక్టోబరు.

బావా,

పందెం ప్రకారం ఆదివారం నిచ్చెనెక్కాను. క్లబ్బంతా కింద నిలబడి చూశారు. తడిగుడ్డతో పేర్లు పోలేదు, ముప్పై ఏళ్ళ మొండి సుద్ద అది. ఎవారిస్తో కిరసనాయిలు తెచ్చాడు, అప్పుడు పోయాయి. గుమెర్సిందో కళ్ళు తుడుచుకుంటూ కూడా కన్ను కొట్టాడు. నా మాట నేను నిలబెట్టుకున్నాను.

ఇక నువ్వు నన్ను మోసం చేశానని తెగ కుమిలిపోతున్నావు. అంత సీను నీకు లేదు బావా.

ఇస్పేటు ఆసు నా చేతిలో ఉంది.

అవును, ఆ పంపకంలోనే. నువ్వు కనుబొమ్మలెత్తి నీ దగ్గర ఉందని చెప్పిన ఆసు నా వేళ్ళ మధ్య ఉంది. మధ్యలో ఆఠీను ఆసు కూడా ఉంది కనుక నాది ఆసుల జత. పేకలో రెండు ఇస్పేటు ఆసులుండవని నాకూ తెలుసు, బుర్ర లేనివాణ్ణి కాదు. నువ్వు అబద్ధం ఆడుతున్నావని నాకంటే గట్టిగా తెలిసినవాడు ఆ హాల్లో ఇంకొకడు లేడు. నీ బిళ్ళలకు ఎదురొడ్డితే అక్కడితో నీ పని అయిపోయేది. పందెం నాది అయ్యేది. నవంబరులో నువ్వు వచ్చి నా ఎదురుగా కూర్చోక తప్పేది కాదు. ఆరు నెలలుగా నేను కోరుకున్నది అదే.

కానీ కూర్చున్నాక? నువ్వు సైగ చేస్తావు, నేను ఏం చెయ్యాలి? ఒకసారి నీ మొహం చూసి అబద్ధం అని పట్టుకున్నవాణ్ణి, రెండోసారి ఎలా నమ్మాలి? అలా తెచ్చి కూర్చోబెట్టిన మనిషి నాకు జోడీ ఎలా అవుతాడు? అదే మెషీన్‌లో అయితే చటుక్కున మీట నొక్కేవాణ్ణి. అక్కడ నీ మొహం ఉండదు. ఇక్కడ ఉంది. నేను ముక్కను చూశాను, నిన్ను చూశాను. ఆ ముక్క నాకు తెలిసింది అప్పుడే. నీ మొహం ముప్పై ఏళ్ళుగా తెలుసు. నిన్నే నమ్మాను. నమ్మకుండా ఉండటం నాకు చేతకాలేదు, అంతే.

భోజనానికి ఆగకపోవడం కోపంతో కాదు. అక్క వడ్డిస్తుంటే నీ ఎదురుగా కూర్చోవాలి. నా మొహం తెరిచిన తలుపని అందరూ అంటారు కదా. చూస్తే నీకు మొత్తం తెలిసిపోయేది. అందుకే ముసుగు తియ్యకుండా బస్సెక్కాను.

పోటీ నవంబరు రెండో ఆదివారం. ఊరికే చెబుతున్నాను.

తెల్మో


మార్ దెల్ ప్లాతా,
నవంబరు.

తెల్మో,

నీ ఉత్తరం చదివి మీ అక్క దుకాణంలోనే ఏడ్చింది. నేనూ ఏడ్చాను, కానీ కనుబొమ్మలు లేకపోవడం వల్ల ఎవరూ గుర్తుపట్టలేదు.

ఉన్ని లారీని డిసెంబరుకు రమ్మన్నాం. శనివారం బస్సులో ఇద్దరం వస్తున్నాం. పేర్లు తుడవాలని పందెం వేసుకున్నాం గానీ, మళ్ళీ రాయకూడదని ఎక్కడా అనుకోలేదు. కొత్త జోడీగా రాయించు, ముందు నీ పేరు పెట్టు. లోస్ తాలాస్ వాళ్ళు నవ్వితే నవ్వనీ.

ఒక్క సంగతి ముందే చెప్పాలి. కనుబొమ్మలు ఇంకా సరిగ్గా మొలవలేదు. ఈ మొహంతో బస్సెక్కనివ్వనని మీ అక్క నల్లపెన్సిలుతో గీసింది. చెయ్యి జారి కాస్త పైకి గీసేసింది, ఎంత కడిగినా పోవడం లేదు. ఆట మొత్తం నా దగ్గర కత్తి ఆసు ఉన్నట్టే కనిపిస్తాను. నమ్మొద్దు. నువ్వు నమ్ముతావని తెలుసు, అందుకే ముందుగా రాస్తున్నాను.

నీ జోడీ,
నసరేనో